గేజి గ్లాసులో నీళ్ళు

ఒక మాట చాలా ఏళ్ళుగా నా లోపల ఉండిపోయింది. పెద్ద మాటేం కాదు. ఒక్క గుక్కలో చెప్పేయొచ్చు. వినవలసిన మనిషి ఏళ్ళ తరబడి నా ఎదురుగానే కూర్చున్నాడు, నాతో కలిసి అన్నం తిన్నాడు. చెప్పలేదు. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ తెలియకపోవడమే నాకు ధైర్యం ఇస్తోంది. ఇది ఒప్పుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది.

నేను ఖరగ్‌పూర్ లోకోషెడ్‌లో బాయిలర్ల పని చేశాను. అప్పట్లో అన్నీ స్టీమింజన్లే. ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె చూసినవాళ్ళకి నా పని అర్థమవుతుంది. కొన్నాళ్ళు కాచాక గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. ఇంజను బాయిలర్‌లోనూ అంతే, కాకపోతే అక్కడ ఆ పొర రాయిలా గట్టిపడుతుంది. మేం దాన్ని పెచ్చు అనేవాళ్ళం. నీటిలో ఉప్పూ సున్నమూ ఎక్కువుంటే పెచ్చు త్వరగా కడుతుంది, దాని కింద ఇనుము గుంటలు గుంటలుగా తుప్పు పట్టి పోతుంది. అందుకని కొన్ని రోజులకోసారి ఇంజన్ని చల్లార్చి, బాయిలర్‌కున్న మూతలు విప్పి, పొడుగాటి ఇనుప చువ్వలతో పెచ్చుని పొడిచి రాల్చి, గొట్టంతో నీళ్ళు కొట్టి కడిగేవాళ్ళం. దాన్ని వాషౌట్ అంటారు. ఆ పని చేసే ముఠాకి నేను మిస్త్రీని. కొత్తగా అయ్యాను.

ఇంకొక్క సంగతి చెప్పాలి, అది తెలియకపోతే నా తప్పు మీకు తెలియదు. నిప్పు మండే పెట్టెకి పైన ఒక దళసరి రేకు ఉంటుంది. కింద నిప్పు, పైన నీళ్ళు. ఆ రేకు మధ్యలో ఒక సీసం ప్లగ్గు బిగిస్తారు. డ్రైవరు ఏమరుపాటున నీళ్ళు తగ్గనిస్తే రేకు కాలి, సీసం కరిగి, పైనున్న ఆవిరి నిప్పులో పడి దాన్ని ఆర్పేస్తుంది. బాయిలర్ పేలకుండా అదొక కాపలా. ప్లగ్గు కరిగిందంటే డ్రైవరు నీళ్ళు చూసుకోలేదని అర్థం. డ్రైవరుకి అంతకు మించిన తలవంపు లేదు. కానీ ప్లగ్గు కరగడానికి ఇంకో దారి కూడా ఉంది. రేకు మీద పెచ్చు దళసరిగా కడితే, పైన నీళ్ళు నిండుగా ఉన్నా అవి రేకుని తాకవు. రేకు కాలుతుంది. సీసం కరుగుతుంది. బయటినుంచి చూస్తే రెండూ ఒకటే.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. ఒక బ్రాంచి లైన్‌లో ఇంజన్లు నీళ్ళు పట్టుకునే చెరువు ఎండిపోతే, లోతుగా బోరు దించి ఆ నీళ్ళు వాడారు. భూమిలోంచి గోరువెచ్చగా వచ్చేవి. నోట్లో పోసుకుంటే ఉప్పన. ఆ లైన్ ఇంజన్లకి ప్రతి వాషౌట్‌లోనూ పైరేకు చువ్వతో గీకాలని మాకు గట్టిగా చెప్పి ఉంచారు. తర్వాత వానలు పడ్డా బోరు నీళ్ళు మానలేదు.

విశ్వకర్మ పూజ రోజు. ఆ పండగ సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఆ రోజు పనిముట్టు ముట్టరు. సుత్తీ, పానా, చువ్వా, అన్నిటినీ కడిగి, నూనె రాసి, కుంకం పెట్టి, విగ్రహం ముందు పేరుస్తారు. మర్నాడు పొద్దున్న దాకా వాటికి సెలవు. బెంగాలీ పిల్లలు మేడల మీద గాలిపటాలు ఎగరేస్తారు. షెడ్‌లో కిచిడీ వండుతారు. మా చువ్వలు కూడా కుంకం బొట్లతో అక్కడే ఉన్నాయి.

మధ్యాహ్నానికి ఆ బ్రాంచి లైన్ ఇంజను ఒకటి వాషౌట్‌కి మిగిలిపోయింది. సాయంత్రానికి కావాలన్నారు. మూతలు ముందే విప్పి, బిగించడానికి ఒక్క పానా మాత్రం పూజలో పెట్టకుండా ఉంచారు. నేను దీపం పట్టుకుని పైమూత కన్నంలోంచి లోపలికి చూశాను. రేకు మీద తెల్లగా, ప్లగ్గు చుట్టూ మరింత దళసరిగా, పెచ్చు కట్టి ఉంది. నేను చూశాను. ఈ మాట దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోయేవాణ్ణి. ఇవాళ ఆగను. చూశాను.

అప్పుడే అప్పలస్వామి మావ వచ్చాడు. మావ అంటే చుట్టం కాదు. మా ఊరి వైపు మనిషి, శ్రీకాకుళం జిల్లా. నన్ను ఖరగ్‌పూర్ తీసుకొచ్చిందీ, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో తన క్వార్టర్ వరండాలో చోటిచ్చి చాలాకాలం అన్నం పెట్టిందీ ఆయనే. ప్యాసింజర్ డ్రైవరు. మంచి డ్రైవరని సాహెబులే చెప్పుకునేవారు. ఆ రోజు సెలవు. తలంటుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని, విగ్రహం దగ్గర కొట్టిన కొబ్బరి చిప్ప చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఏటి బావూ, పండగ పూట కూడా ఈ మసి మొకమేటి? మీ అత్త మేకమాంసం ఒండీసినాది. నువ్వు రాపోతే నాను ముద్ద ముట్టనని సెప్పీసినాను."

"ఇదొక్కటీ అయిపోతే వచ్చీస్తాను మావా."

"ఇంజనుకి ఆకలెయ్యదురా. నాకేస్తాది. బేగి రా."

ఆ పూట భోజనాల దగ్గర వాళ్ళమ్మాయి పైడమ్మకి నన్ను అడుగుతారని నాకు ముందే తెలుసు. తొందర నాకే ఎక్కువ ఉంది.

చువ్వలు పూజలో ఉన్నాయి కాబట్టి వాడలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఇంకో జత చువ్వలు స్టోర్లో ఉన్నాయి, స్టోర్‌బాబు అక్కడే కిచిడీ తింటున్నాడు. అడిగితే ఇచ్చేవాడు. లేదా, ఇంజను పనికిరాదు, రేపు ఇస్తానని చెప్పొచ్చు. కొంత గొడవ పడేవాళ్ళు, అంతే. పైగా నేను ఆ ఆచారాన్ని నమ్మేవాణ్ణి కాదు. పుస్తకాలు చదువుకుని, ఇలాంటివి మనసులో నవ్వుకునే రకం. నమ్మనివాణ్ణి ఆ ఒక్క రోజు దాని చాటున నిలబడ్డాను. నమ్మినవాళ్ళు చేస్తే అది భక్తి. నేను చేసింది ఏమిటి?

గొట్టం పెట్టి నీళ్ళు కొట్టాను. బురద కొట్టుకుపోయింది. పెచ్చు అలాగే ఉంది. మూత బిగించాను. మా పైన ఉండే ఛార్జిమన్ బాబు దూరం నుంచే "హొయే గేఛే?" అన్నాడు. "హొయే గేఛే, బాబు," అన్నాను. అయిపోయింది. ఆ మధ్యాహ్నం మావ ఇంట్లో కడుపునిండా తిన్నాను. పైడమ్మ వడ్డించింది. మావ నా కంచంలో తన చేత్తో రెండోసారి కూర వేశాడు.

తర్వాతి వాషౌట్ వచ్చేలోపు ఆ ఇంజను మళ్ళీ అదే లైన్‌లో, అవే నీళ్ళతో తిరిగింది. ఒక పొద్దుటి ప్యాసింజర్‌కి దాన్ని కట్టారు. డ్రైవరు అప్పలస్వామి. ఎవరైనా కావొచ్చు. ఆయనే అయ్యాడు. దారిలో సీసం ప్లగ్గు కరిగింది. ఆవిరి ఒక్కసారి నిప్పులోకి దిగి, తలుపు సందులోంచి బయటికి తన్నింది. మేం నితాయ్ దా అని పిలిచే ఫైర్‌మన్ చేతులు కాలాయి. బండి పొలాల మధ్య నిలిచిపోయింది. ఇంకో ఇంజను పంపి లాక్కొచ్చారు.

డ్రైవరు ముందర గేజి గ్లాసు ఉంటుంది. బాయిలర్‌లో నీళ్ళు ఎంతవరకున్నాయో చూపించే నిలువు గాజు గొట్టం. గ్లాసులో సగానికి పైనే నీళ్ళున్నాయని మావ చెప్పాడు. నితాయ్ దా కూడా, చేతులకి కట్లతో నిలబడి, అదే చెప్పాడు. ఇద్దరూ మాట కలుపుకున్నారని విచారణకొచ్చిన ఆఫీసర్లు అన్నారు.

బాయిలర్ లోపల చూడటానికి ఇన్‌స్పెక్టరు వస్తాడనీ, ఇంజను చల్లార్చి మూతలు విప్పమనీ నాకే ఆర్డరు వచ్చింది. మొదటిది నిర్లక్ష్యం అనుకుందాం. అలాంటివి మనుషులు చేస్తారు. రెండోది అలాంటిది కాదు. పైమూత విప్పి చూశాను. పెచ్చు ఉంది. అక్కడక్కడ కాలి పగిలింది. అది అలాగే ఉంచితే చాలు, నేను నోరు విప్పక్కర్లేదు, ఇన్‌స్పెక్టరే చూసుకునేవాడు. ఈసారి చువ్వలు నా చేతికి అందేంత దగ్గర ఉన్నాయి. తీసుకున్నాను. ఆ పూట నేను గీకినట్టు ఎప్పుడూ ఏ బాయిలరూ గీకలేదు. రాలిన పెచ్చులన్నీ తట్టలోకి ఎత్తి బూడిద గోతిలో పారబోశాను. ఇన్‌స్పెక్టరు దీపం పెట్టి చూస్తే కాలి నీలంగా తిరిగిన రేకు కనిపించింది, దాని మీద చువ్వ గీతలు కనిపించాయి. వాషౌట్ శ్రద్ధగా చేశారన్నాడు. ఆ గీతలు నా పనితనానికి సాక్ష్యమయ్యాయి.

నాతో పనిచేసిన ఖలాసీలకి పూజనాడు చువ్వ వాడలేదని తెలుసు. వాళ్ళని ఎవరూ అడగలేదు. నన్ను అడిగారు. పైరేకు గీకాననే చెప్పాను.

మావని ప్యాసింజర్‌లోంచి తీసి యార్డులో షంటింగ్‌కి వేశారు. వ్యాగన్లు ముందుకీ వెనక్కీ నెట్టే పని. ఆయన ఎవరితోనూ పోట్లాడలేదు. మొదట్లో "గ్లాసులో నీళ్ళున్నాయిరా" అని కనిపించినవాళ్ళకల్లా చెప్పేవాడు. తర్వాత చెప్పడం మానేశాడు. ఎందుకు మానేశాడో నాకు ఆలస్యంగా తెలిసింది. వాళ్ళు నమ్మడం లేదని కాదు. ఆయనకే అనుమానం పట్టుకుంది. ప్లగ్గు కరిగింది, బాయిలర్ శుభ్రంగా ఉంది, అందువల్ల నీళ్ళు తగ్గి ఉండాలి. మరి తను చూసిందేమిటి? ఆయన తప్పు చేసినవాడిలా బాధపడలేదు. తన కళ్ళని నమ్మలేని మనిషిగా బతికాడు. నేను తీసుకుంది ఆయన ఉద్యోగాన్ని కాదు.

పైడమ్మని నేను పెళ్ళి చేసుకున్నాను. మావ పేరు పోయాక కూడా మాట తప్పలేదని సెటిల్‌మెంట్‌లో అందరూ నన్ను మెచ్చుకున్నారు. పెళ్ళిలో ఆయన నా రెండు చేతులూ పట్టుకుని తన కళ్ళకి అద్దుకున్నాడు. ఆ మెప్పు నేను తీసుకున్నాను. ప్రేమతో చేసుకున్నానా, బాకీ తీర్చినట్టు చేసుకున్నానా? ప్రేమ ముందే ఉంది, అది మాత్రం నిజం. కానీ అది ఉందన్న సంగతిని నేను ఎన్నిసార్లు నాకు నేను సాక్ష్యంగా వాడుకున్నానో.

రిటైరయ్యాక ఆయన మా ఇంట్లోనే ఉన్నాడు. అత్త అప్పటికే పోయింది. ఒక అలవాటు చేసుకున్నాడు. గాజు గ్లాసులో నీళ్ళు పోసుకుని, కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకునేవాడు. కూతుర్ని పిలిచేవాడు. "పైడీ, ఇందలో నీళ్ళు ఎంతవరకున్నాయే?" పైడమ్మ చూసి చెప్పేది. సగానికి కొంచెం కింద, నాన్నా. "నాకూ అలాగే అవుపిస్తన్నాది," అని తాగేవాడు. చూపు తగ్గుతోందేమో అని భయపడుతున్నాడనుకుని పైడమ్మ ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కళ్ళు వయసుకి చాలా బాగున్నాయని డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి నాకు సంతోషంగా చెప్పింది. ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. నేను చెప్పులు తొడుక్కుని ఏదో పనున్నట్టు బజారుకి వెళ్ళిపోయాను.

ఆయనకి మోకాళ్ళ నొప్పులు. బీర్భూమ్‌లో బక్రేశ్వర్ అని ఒక చోటుంది, అక్కడ భూమిలోంచి వేడినీళ్ళు ఊరతాయి. ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటే తగ్గుతుందని పక్కింటి దీదీ చెబితే, ఒక చలికాలం ముగ్గురం వెళ్ళాం. పైడమ్మ గుడి దగ్గర ఆగింది. మావా నేనూ గుండం గట్టున కూర్చున్నాం. గుండంలోంచి స్నానాల గదికి నీళ్ళు మోసే ఇనుప గొట్టం ఒకటి పక్కనే ఉంది. దాని మూతి సగం పూడుకుపోయింది. తెల్లగా, కొంచెం పసుపుగా, పొరలు పొరలుగా పెచ్చు. ఒక చోట ఊడిపోయి, కింద ఇనుము పురుగు తిన్న వంకాయలా గుంటలు పడి కనిపిస్తోంది. మావ వంగి ఒక ముక్క విరిచాడు. వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. నాకు అందించాడు.

"బావూ, ఇదేటో సెప్పు సూద్దాం."

"సున్నం మావా. ఏడి నీళ్ళల్లో ఉంటాది."

"అది నాకూ తెల్సు. నిప్పు ఎయ్యకండానే ఈ నీళ్ళు ఇంత పెచ్చు కట్టీస్తే, అడుగున మంటెట్టి మరిగించీ మన బాయిలర్లో ఎంత కట్టాల?"

ఆయన నీళ్ళల్లో కాళ్ళు మెల్లగా కదిపాడు.

"ఇన్నాళ్ళూ అడగలేదు. ఇప్పుడు అడుగుతాను. ఆ ఇంజను వాసౌట్ సేసింది నువ్వే గదా. పైరేకు మీద ఇలాటిదేటైనా ఉన్నాదా?"

"నేదు మావా. సుబ్బరంగానే ఉన్నాది."

"పిలగ్గు కాడ?"

"అక్కడా సుబ్బరమే."

ఆయన నా చేతిలోంచి ఆ ముక్క తీసుకుని నీళ్ళలో వేశాడు. అది మునిగేదాకా చూశాడు.

"అయితే నా కళ్ళే," అన్నాడు.

మళ్ళీ ఆయనే అన్నాడు. "నువ్వు ఏటీ అనుకోకు బావూ. నీ పన్లో తప్పు నేదని నాకు తెల్దేటి? ఊరికే అడిగినాను. ఈ రాయి సూసీసరికి బుద్ధి అలాగ పోనాది."

ఆయన నాకు క్షమాపణ చెప్పాడు.

ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా? అప్పటికి ఆ భయం లేదు. ఇంజన్లే మారిపోతున్నాయి, ఆ పాత కాగితాలు ఎవరు తిరగేస్తారు? పైడమ్మ నన్ను వదిలేస్తుందనా? కావొచ్చు. కానీ ఆ క్షణంలో నేను పైడమ్మ గురించి ఆలోచించలేదు, నిజం చెప్పాలంటే ఏమీ ఆలోచించలేదు. అబద్ధం తనంతట తను వచ్చింది, రోజూ నడిచే దారిలో కాళ్ళు నడిచినట్టు. ఇన్నేళ్ళూ మావ దగ్గర నేను మౌనంగా ఉన్నాననీ, మౌనం అబద్ధమంత పాపం కాదనీ ఒక లెక్క వేసుకుని ఉన్నాను. ఆ గట్టు మీద ఆ లెక్క చెడింది. ఆయన తలుపు తెరిచి నిలబడ్డాడు. ఒక్క అడుగు వేస్తే సరిపోయేది. పైడమ్మ తువ్వాలు తీసుకుని వచ్చింది. ఆయన కాళ్ళు నేనే తుడిచాను.

బక్రేశ్వర్ నుంచి వచ్చాక మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు. గ్లాసు వెలుగుకి పట్టుకోవడం మాత్రం మానలేదు. పోయే ముందు మంచంలో ఉన్నప్పుడు కూడా, నీళ్ళు పట్టడానికి పైడమ్మ గ్లాసు తెస్తే, ముందు ఆగమని చెయ్యి ఎత్తి, దాని వైపు చూసి, అప్పుడు తాగేవాడు. నోట మాట లేదు. చూసుకోవడం ఉంది. ఆఖరి రోజుల్లో కొన్నిసార్లు గ్లాసు నేనే పట్టుకున్నాను. గదిలో మేమిద్దరమే. అప్పుడైనా చెప్పొచ్చు. పోయే మనిషి మనసు ఎందుకు కలత పెట్టడం అనుకున్నాను. చూశారా, ఆఖరుకి దయని కూడా చాటు చేసుకున్నాను, ఆ రోజు కుంకం పెట్టిన చువ్వల్ని చేసుకున్నట్టే.

ఇప్పుడు షెడ్‌లో స్టీమింజన్లు తగ్గిపోయాయి. మా చువ్వలు ఎక్కడున్నాయో తెలియదు. నితాయ్ దా చాలాకాలం కిందటే తన ఊరు వెళ్ళిపోయాడు. ఆ సంఘటన తర్వాత ఆయనకి ప్రమోషన్ ఆగిపోయిందని విన్నాను. ఆయన గురించి ఇంతకన్నా తెలుసుకోలేదు. తెలుసుకోకపోవడం కూడా నేను చేసిన పనే.

పైడమ్మకి చెప్పాలి. ఇది రాసేటప్పుడు ఆమె పక్కగదిలో బియ్యం ఏరుతోంది, చేటలో గింజల చప్పుడు వినిపిస్తోంది. ఆమెకి చదువు వచ్చు. ఈ కాగితాలు మీకు పంపే ముందు ఆమెకి ఇస్తాననే అనుకుంటున్నాను. అనుకుంటున్నాను అంటున్నాను, ఇస్తానని అనడం లేదు. నా మాట మీద నాకు అంత నమ్మకం లేదు. ఇస్తే ఆమె ఏమంటుందో నాకు తెలియదు. నన్ను క్షమించమని అడగను. క్షమించగలిగిన మనిషి ఆమె కాదు, మీరూ కాదు. ఆయన పోయాడు, అనుమానంతో పోయాడు. దాన్ని ఇప్పుడు ఎవరూ సరిచేయలేరు.

ఈ పొద్దున్న ఆయన గ్లాసు కడిగి, నీళ్ళు పోసి, కిటికీ దగ్గర పెట్టాను. ఎవరూ లేరు. పైకే అన్నాను.

"మావా, పెచ్చు ఉన్నాది. నాను సూసినాను. సూసి మూసీసినాను. గ్లాసులో నీళ్ళున్నాయి మావా. నీ కళ్ళు బాగానే ఉన్నాయి."